ఎక్స్‌ట్రా మనిషి

కోడి కూయకముందే లావణ్య లేచి బొటనవేలు చూసుకుంటోంది. నిన్న పనిలో రొయ్య ముల్లు దిగిన చోట చీము పట్టింది. పసుపు పెట్టినా వాపు తగ్గలేదు.

"కనబడుతోందా నాన్నా?"

"గుడ్డివాడికైనా కనబడుతుంది."

తుని రోడ్డులో రొయ్యల కంపెనీ ఉంది. ఈ ఏడాది పైదేశాల ఆర్డర్లు పడిపోయాయని పర్మినెంటు వాళ్లను కొద్దిమందినే ఉంచి, మిగతా పని రోజుకూలీలతో లాగిస్తున్నారు. కంపెనీ వ్యాన్‌లో చోటు లేకపోయినా సంపూర్ణమ్మ రోజూ అది ఆగే కల్వర్టు దగ్గరికి వస్తుంది. క్యారేజీ పట్టుకుని, ఎవరు మానేస్తారా అని నిలబడుతుంది. ఎక్స్‌ట్రా మనిషి అంటారు. నేను గద్ద అంటాను.

మేస్త్రీ శ్యాంబాబు వ్యాన్ తలుపు దగ్గర ఫోన్ లైటు వేసి అందరి చేతులూ చూస్తాడు. పుండున్న చేతిని రొయ్య ముట్టనివ్వరు. నిన్న రెబెక్కా అరచేతిలో గాటు కనబడింది.

"దిగమ్మా దిగు."

"గ్లౌజులేసుకుంటాను కదండీ!"

"ఇక్కడ ఎక్స్‌ట్రా మనిషి ఉండగా నీతో నాకెందుకు గొడవ?"

రెబెక్కా దిగింది. సంపూర్ణమ్మ ఎక్కింది.

ఈరోజు ఆ కొద్దిమంది పర్మినెంటుల్లోకి కొత్తగా తీసుకునేవాళ్లకి కార్డు ఫోటోలు తీస్తారు. లావణ్య పేరు పిలుస్తారు. అక్కడ లేకపోతే ఆ ఉద్యోగం ఇంకొకరిది.

ఇది మా ఇంట్లో ఒకసారి జరిగింది. నా భార్య రత్తమ్మ జ్వరంతో పడుకున్న రోజున ఆమె చోట వరసకు చెల్లెలయ్యే సంపూర్ణమ్మ ఎక్కింది. అది పేర్లు పిలిచిన రోజు. రత్తమ్మకి రాలేదు. సంపూర్ణమ్మకీ రాలేదు. తర్వాత రత్తమ్మే పోయింది. అప్పట్నుంచి సంపూర్ణమ్మతో నాకు మాటల్లేవు.

"పిన్నిని ఒక్క మాట అడుగు నాన్నా. ఇవాళొక్కరోజు రావద్దని."

"దాని గుమ్మం తొక్కను."

"పోనీ నేనెళ్తాను."

"నా కూతురివైతే వెళ్లవు."

వెళ్లలేదు. నిన్న లావణ్యా, సంపూర్ణమ్మా ఒకే బల్ల దగ్గర రొయ్యలు వొలిచారు. ఆ వేలు దాని కంట పడకుండా ఉంటుందా? ఇవాళ అందరికంటే ముందే వచ్చి నిలబడుతుందనుకున్నాను.

లావణ్యను తీసుకుని వెళ్లేసరికి కల్వర్టు దగ్గర సంపూర్ణమ్మ లేదు. నేను రోడ్డు మీద అటూ ఇటూ తిరిగాను. వ్యాన్ వచ్చింది. అప్పటికీ రాలేదు.

"సంపూర్ణమ్మేది బాబాయ్?" అన్నాడు శ్యాంబాబు.

"రాలేదు."

"ఇవాళే మానేసిందా! అక్కడ లోడు దిగి ఉంది. ఒక్క మనిషి తగ్గినా నన్ను బతకనివ్వరు."

లావణ్య చేతి మీద లైటు వేశాడు. లైటు బొటనవేలి మీద ఆగింది. ఖాళీ కల్వర్టు వైపు చూశాడు. మళ్లీ వేలు చూశాడు. లైటు ఆర్పేశాడు.

"అక్కడ గ్లౌజు తియ్యకమ్మా. ఎక్కు, ఎక్కు. బాబాయ్, నువ్వేం చూళ్లేదు."

"నాకు చూపు తక్కువ," అన్నాను.

వ్యాన్ పోయింది. ఇంటికి వెళ్లే దారిలోనే సంపూర్ణమ్మ ఇల్లు. తలస్నానం చేసి, పని చీర కట్టుకుని మెట్టు మీద కూర్చుంది. క్యారేజీ విప్పి మధ్యాహ్నం అన్నం అప్పుడే తింటోంది.

"ఎక్కిందా బావా?"

నా కాళ్లు ఆగాయి.

"ఆ రోజు కూడా ఇలా కూర్చోవలసింది," అన్నాను.

ఆమె ముద్ద కలపడం ఆపింది. "ఆ రోజు ఇందులో అన్నం లేదు బావా, ఇంట్లో బియ్యమే లేవు. ఖాళీ క్యారేజీ పట్టుకెళ్లాను."

అయితే ఏమిటి? రత్తమ్మ తిరిగొస్తుందా? ఇదే అనాలనుకున్నాను.

"పర్మినెంటు వాళ్లకి సెలవుంటుంది. వేలు చూపించుకోవాలి, రేపు లావణ్య రాదు. నువ్వు కల్వర్టు దగ్గరికి రా," అన్నాను.

ఆమె ఏదో అంటూనే ఉంది. నేను ఆగలేదు.