సప్పుడు లేని బండి

మొగులయ్య డీజిల్ జీపు గల్లీలోకి తిరిగిందంటే ప్రేమలతకు వంటింట్లోనే తెలిసిపోయేది. ఆమెకే కాదు, పటాన్‌చెరులోని ఆ కాలనీలో ఆడవాళ్లందరికీ బండ్లను చప్పుడుతో గుర్తుపట్టే విద్య అబ్బింది. నీళ్ల ట్యాంకరేదో, కంపెనీ బస్సేదో, ఎవరి మొగుడి మోటారుసైకిలేదో చూడకుండా చెప్పేవాళ్లు. కాపురాలు సజావుగా సాగుతున్నాయంటే ఆ విద్య చలవే. జీపు గుడగుడమంటూ గేటు చేరేలోగా కొంగు సర్దుకోవచ్చు, సీరియల్ ఆపెయ్యొచ్చు, ఎవరిని చెరుగుతున్నారో వాళ్లను వదిలేసి కందిపప్పు ధరలోకి దిగొచ్చు.

మొగులయ్య ప్రేమలతకు బావ, భర్త రాజశేఖర్‌కు సొంత అన్న. ఉండేది కర్దనూర్‌లో, బోరు మోటార్ల దుకాణం సంగారెడ్డిలో. రోజూ పొద్దున దుకాణానికి పోతూ తమ్ముడి బిడ్డ నిషితను అక్కడి కాలేజీ దగ్గర దింపుతాడు. పెట్రోలు రేటు పెరిగిన దగ్గర్నుంచి రాజశేఖర్ పాశమైలారం డ్యూటీకి కంపెనీ బస్సెక్కుతున్నాడు. వాళ్ల కారు కవరు కప్పుకొని, జ్వరమొచ్చిన మనిషిలా ఇంటిముందు పడుకుంది. బావ బండి లేకపోతే నిషిత బస్సు ఫుట్‌బోర్డు మీద వేలాడాల్సిందే. అది ప్రేమలతకు బాగా తెలుసు. తెలిసినకొద్దీ మండేది.

అట్లాంటి బావ దసరాకు జీపు అమ్మేసి కరెంటు కారు కొన్నాడు. నిమ్మకాయలు తొక్కించి, ముందు నల్లతాడు కట్టించి, తిన్నగా ఈ ఇంటికే తెచ్చాడు. కూసో ప్రేమా, కడుపుల సల్ల కదలదు అన్నాడు. కూర్చుంది. నిజంగానే కదల్లేదు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

చెప్పింది వేరు. ఒక పొద్దున గేటు దగ్గర పక్కింటి వెంకటలక్ష్మి కలిసింది. ఆమెది గుడివాడ వైపు, భర్త ఫ్యాక్టరీ ఉద్యోగంతో వచ్చి ఇక్కడే ఉండిపోయారు. మీ బావగారు ఎంత మంచివారండీ, రోజూ పిల్లను తీసుకెళతారు అని పాపం మంచి మనసుతోనే అంది. ప్రేమలతకు ముల్లు గుచ్చుకున్నట్టయింది.

"మంచితనమా పాడా. కొత్త కారు నలుగురికి చూపియ్యనీకె లోపల ఒకరు కూసోవాలె గదక్కా."

మొదలుపెట్టాక ఆగడం ఆమె వల్ల కాలేదు. పెట్రోలు బంకు ముందు బావ కారు మెల్లగా పోనిచ్చి, బంకువాళ్లకు చెయ్యి ఊపుతాడని చెప్పింది. చార్జింగ్ వైరు తగిలించి, బర్రెకు కుడితి పెట్టినట్టు కారు వీపు ఎట్లా నిమురుతాడో, రెండడుగులు వెనక్కి జరిగి ఎట్లా మురుస్తాడో, మెడ ఒక పక్కకు వంచి అచ్చం దించేసింది. కాలేజీ రోజుల్లో ఆమె నటనకు బహుమతి కూడా వచ్చింది.

వెంకటలక్ష్మి నవ్వలేదు. మీ ఇంట్లో కరివేపాకు ఉందాండీ అని అడిగింది. కరివేప చెట్టు ఉన్నది వెంకటలక్ష్మి పెరట్లోనే.

ప్రేమలత వెనక్కి తిరిగింది. తెల్ల కారు అద్దాలు దించుకొని గేటు పక్కనే ఉంది. స్టీరింగు మీద చేతులు పెట్టుకొని లోపల మొగులయ్య. ఎప్పుడొచ్చాడో, ఎక్కణ్నుంచి విన్నాడో. ఆమె చెయ్యి ఇంకా గాలిలో, బర్రె వీపు మీదే ఉంది.

"నిషిత తయారైందా ప్రేమా?" అన్నాడంతే.

పిల్ల వచ్చి ఎక్కింది. కారు వచ్చినట్టే చప్పుడు లేకుండా పోయింది.

రోజంతా ప్రేమలతకు చెవుల దాకా మంట. రేపు బావ రాకపోతే ఎందుకని రాజశేఖర్ అడుగుతాడు. ఏమని చెప్పాలి? మీ అన్నను నడివీధిలో నవ్వులపాలు చేశానని చెప్పాలా? సాయంత్రం నిషిత రాగానే, పెద్దబాపు ఏమన్నా అన్నాడా అని అడగనట్టుగా అడిగింది. ఏమీ అనలేదట. దారిలో పల్లీ పట్టీలు కొనిచ్చాడట. తిట్టినా బాగుండేది.

మర్నాడు పొద్దున్నే బావకు ఇష్టమని వెల్లుల్లి ఎక్కువేసి సర్వపిండి చేసింది. డబ్బా పట్టుకొని గేటు దగ్గర నిలబడింది. జీపైతే లోపలే ఉండి చెవులు రిక్కిస్తే సరిపోయేది. ఈ బండి వస్తోందో లేదో కళ్లతో చూసుకోవాల్సిందే. చెప్పాల్సిన మాటలు తెలుగులో కూర్చుకుంది. నోరు పెగలదనిపించి ఇంగ్లీషులోనూ కూర్చుకుంది.

అప్పుడు గల్లీ మొదట్లో హారన్ మోగింది. మోగి ఆగలేదు. తెల్ల కారు ప్రతి గేటు ముందూ కూతపెట్టుకుంటూ పెళ్లి ఊరేగింపులా కదిలొచ్చింది. ఆడవాళ్లంతా బయటికొచ్చి నిలబడ్డారు. మొగులయ్య కారాపి మామూలుగానే నవ్వాడు.

"ఈ బండికి సప్పుడు లేదు ప్రేమా. నిన్న నీ మాటల నడుమ అడ్డమొచ్చిన. ఇగ మలుపు కాడ్నుంచే హారన్ కొట్టుకుంట వస్త."

అది ఎకసెక్కమో మన్నింపో తెలుస్తుందని ప్రేమలత ఆ మొహంలో వెతికింది. దొరకలేదు. కూర్చుకున్న మాటలు రెండు భాషల్లోనూ పోయాయి.

"ఎల్లిగడ్డ ఎక్కువేసిన బావా" అని డబ్బా అందించింది.

అతను మూత తీసి వాసన చూసి, డబ్బా పక్కన పెట్టుకొని, నిషిత ఎక్కాక పోయాడు.

ఆ రోజు నుంచీ రోజూ అంతే. మలుపు దగ్గర హారన్ మోగగానే గేట్ల దగ్గరున్న ఆడవాళ్ల చూపులు ప్రేమలత వైపు తిరుగుతాయి. ఆమె మాట్లాడుతున్నది నిజంగా కందిపప్పు ధర గురించే అయినా, టక్కున నోరు మూసుకుంటుంది.