తెర ఆగలేదు

నా నోరు మంచిది కాదని ఈ ఆసుపత్రిలో అందరికీ తెలుసు. ఆ మధ్యాహ్నం మాత్రం పక్క బ్లాకు నెట్‌వర్క్ చూసే అతన్ని ఫోన్లో బతిమాలుతున్నాను. ఏం అడిగినా "చూద్దాంలే" అనడం వల్ల అతని పేరే చూద్దాంలే అయిపోయింది.

"గ్రేస్‌ఫుల్ రీస్టార్ట్ నీ వైపు పెట్టావా?"

"పొద్దున్నే పెట్టాను తల్లీ. ఎన్నిసార్లు అడుగుతావు?"

ఈ బ్లాకు నెట్‌వర్క్ చూసేది నేను. రెండు బ్లాకుల మధ్య డేటా నడిపే మా మెయిన్ స్విచ్‌లో మెమరీ నిండిపోతోంది. మేం రీస్టార్ట్ చేయకపోతే అదే కూలబడుతుంది. మామూలుగా ఒక స్విచ్ రీస్టార్ట్ అయితే, అది పోయిందనుకుని పక్క స్విచ్ దాని దారులన్నీ చెరిపేస్తుంది. గ్రేస్‌ఫుల్ రీస్టార్ట్ ఉంటే, అది తిరిగి వచ్చేదాకా రెండూ పాత దారుల్లోనే డేటా నడుపుతాయి. తెరల ముందున్నవాళ్ళకు ఏమీ తెలియదు.

నాన్న పక్క బ్లాకులో, ఎవరినీ రానివ్వని గదిలో ఉన్నారు. అమ్మ ఇటు విజిటర్ల గదిలో వీడియో తెర ముందు కూర్చుని ఆయనతో మాట్లాడుతోంది. ఇవాళ గడవడం కష్టమని డాక్టరు మా ఇద్దరికీ చెప్పేశాడు. ఆ తెర ఒక్క క్షణం కూడా ఆగకూడదు, నాకు కావలసింది అంతే.

రీస్టార్ట్ కొట్టే ముందు చివరిసారిగా స్టేటస్ చూశాను. అవతలి స్విచ్ ఒప్పుకున్నట్టే లేదు. నా ఒళ్ళు మండిపోయింది.

"సెట్టింగ్ మార్చాక కనెక్షన్ తెంచి కలిపావా?"

"అదెందుకు? సేవ్ చేశాగా!"

"నీ సేవ్ తగలెయ్య! అవి రెండూ కొత్తగా కలిసేటప్పుడే కదయ్యా ఆ మాట ఇచ్చిపుచ్చుకునేది!"

ఇప్పుడు తెంచక తప్పదు. అర నిమిషం తెర పోతుంది. ఒప్పందం లేకుండా స్విచ్ కూలబడితే ఎంతసేపు పోతుందో చెప్పలేను. ల్యాప్‌టాప్ పట్టుకుని అమ్మ దగ్గరికి పరిగెత్తాను.

"అమ్మా, ఒక్క అర నిమిషం బొమ్మ పోయి వస్తుంది. ఆ తర్వాత ఇక ఆగదు."

"ఆగవే! మాస్కు తియ్యమని సైగ చేస్తున్నారు మీ నాన్న. ఇన్నేళ్ళకి నోరు విప్పుతానంటే ఇప్పుడా నీ పని?"

తెర మీద, నాన్న పక్కనున్న నర్సు మాస్కు తియ్యడానికి ఇంకా వంగనైనా లేదు. ఫోన్లో చూద్దాంలే అరుస్తున్నాడు. "మీ స్విచ్ అంచుకొచ్చేసింది. తెంచనా, వద్దా?"

అమ్మ మొహం చూడలేక తల తిప్పుకున్నాను. "తెంచు."

తెర నల్లబడింది. మళ్ళీ వచ్చేసరికి నర్సు మాస్కు సరిచేస్తోంది. "ఏదో చెప్పారమ్మా. నాకు అర్థం కాలేదు" అంది.

స్టేటస్‌లో ఒప్పందం కనబడింది. రీస్టార్ట్ కొట్టాను. మా స్విచ్ పడుకుంది. తెర మీద బొమ్మ చెదరనైనా లేదు. నాన్న కళ్ళు మూసుకున్నారు. ఊపిరి ఒకసారి పెద్దగా తీసుకున్నారు, తర్వాత చిన్నగా, తర్వాత లేదు. డాక్టరు వచ్చి చూసి తల అడ్డంగా ఊపాడు. నర్సు ఆయన మొహం మీదికి దుప్పటి లాగింది. అంతా కళ్ళకు కట్టినట్టు కనిపించింది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నెట్‌వర్క్ పోతే బాగుండునని నేను కోరుకున్నది అప్పుడే. దరిద్రపుది, పోలేదు.

"నన్ను తిట్టవే అమ్మా" అని ఏడ్చాను.

"ఎందుకే పిచ్చిదానా? చివరిదాకా కనిపించారుగా" అని నా తల నిమిరింది. మెల్లగా అడిగింది. "ఆ మాట... నీకేమన్నా వినబడిందా?"

"లేదమ్మా."

అమ్మ కుర్చీ తెర దగ్గరికి జరుపుకుంది.

"ఏమండీ, ఇందాక ఏమన్నారు?" అంది.