ముందు కుప్పయ్య సైకిలు

దేవనాథన్ సైకిలు నేర్చుకున్నది యాభై ఆరో ఏట. తిరుపతిలో దేవస్థానం కచేరీ పని చాలించుకున్న కొన్నాళ్లకు, బదిలీ మీద ఊరు వదిలిపోతున్న పోస్టుమాస్టరు దగ్గర పాత సైకిలొకటి కొని ఇంటి ముందర నిలబెట్టినాడు. అది ఎవరిదని భార్య పద్మాక్షి అడిగింది. మనదే అన్నాడు. నెత్తిన పిలక, నొసట తిరునామం, గోచీ పోసి కట్టిన పంచె, ఆ వాలకంతో సైకిలెక్కితే మాడవీధుల్లో తాను మొగమెట్ల చూపించేదని ఆమె బాధ.

ఆమె కోసమే ఆయన పొద్దు పొడవక ముందే సైకిలును కపిలతీర్థం దారికి తోసుకుపోయి ఆడ నేర్చుకున్నాడు. ఒకనాడు అదుపు తప్పి కంపచెట్లలోకి దూసుకుపోతే, ఆ దారిన సైకిలు మీద వస్తున్న మనిషొకడు దిగి పైకి లేపినాడు. ఆయన పేరు కుప్పయ్య. రేణిగుంటలో రైలుపట్టాల గ్యాంగుకు మేస్త్రీగా చేసి, వయసు నిండి దిగిపోయినవాడు. ఇంత పొద్దున్నే యాడికి పోతున్నావప్పా అని దేవనాథన్ అడిగినాడు.

"యాడికీ లేదు సామీ. నలభై ఏండ్లు రెండు పట్టాల మధ్యనే నడిచినాను. ఇదైతే ఎట్ల తిప్పితే అట్ల పోతాది."

ఆ మాట దేవనాథన్‌కు తన గురించే చెప్పినట్టు తోచింది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఆయన నడిచింది కూడా ఇంటికి, గుడికి, కచేరీకి మధ్య ఉన్న మూడు వీధుల్లోనే.

అప్పటి నుంచి రెండేండ్లు ఆ ఇద్దరికీ కాళ్లు నేల మీద నిలవలేదు. చంద్రగిరి, నారాయణవనం, పుత్తూరు, ఎక్కువసార్లు కాళహస్తి. దేవనాథన్ పెరుగన్నం మూట కట్టుకొస్తే కుప్పయ్య సంగటి ముద్దా ఊరిబిండి పచ్చడీ తెచ్చుకునేవాడు. మొదట్లో తిండి వేళకు చెరొక చెట్టు కిందా కూర్చునేవాళ్లు. ఒక ఎండాకాలం దేవనాథన్ చెంబులో నీళ్లయిపోతే, ఆయనే అడగకుండా చెయ్యి చాపి, కుప్పయ్య నీళ్లు తెచ్చుకున్న సొరకాయ బుర్ర తీసుకుని గటగటా తాగినాడు. ఆ తర్వాత ఒకే నీడన కూర్చున్నారు. దేవనాథన్ ఇంట్లో ఆ సంగతి చెప్పలేదు.

ఏర్పేడు దాటినాక ఒకచోట దారి దిగుడు పడతాది. ఆడికి రాగానే దేవనాథన్ తొక్కడం మాని కాళ్లు రెండూ చాచేసేవాడు. గాలికి పిలక ముడి ఊడిపోయేది, ఉత్తరీయం రెపరెపలాడేది, చెవుల్లో హోరు. పెండ్లి పీటల మీద కూడా పెదవి కదపని మనిషి ఆ దిగుడులో పైకే నవ్వేవాడు. టైర్లు దొరకని యుద్ధం రోజులు. అరిగిన చోటల్లా లోపల తోలుముక్క పెట్టి కుట్టించుకుని మరీ తిరిగినారు.

మూడో ఏడు, పక్క నుంచి వచ్చిన ఎద్దులబండి ఆయనకు కనిపించలేదు. ఎదురుగా ఉన్నది బాగానే ఆనుతోంది, పక్కలు మాత్రం చీకటి. దీపం చూస్తే చంద్రుడికి గుడి కట్టినట్టు చుట్టూ రంగులు. పద్మాక్షి పోరు పడలేక కాట్పాడి బండెక్కి రాయవేలూరు పోయి కంటి డాక్టరుకు చూపించుకున్నాడు. నీటికాసులన్నాడు డాక్టరు. కంటి నరం ఎండిపోతోందనీ, పోయిన చూపు రాదనీ, ఉన్నది కూడా నిలవదనీ మెల్లగా చెప్పినాడు. దేవనాథన్ అడిగింది ఒకటే, సైకిలు తొక్కవచ్చునా అని. డాక్టరు ఆయన పిలకనూ తిరునామాన్నీ ఒకసారి చూసి, వద్దన్నాడు.

తిరిగొచ్చి కుప్పయ్యకు చెప్పినాడు. కుప్పయ్య మరునాడు తన సైకిలు వెనక ఎర్రగుడ్డ కట్టుకుని వచ్చినాడు. గ్యాంగు పనిలో పట్టాల పక్కన పాతే జెండాగుడ్డ.

"దీన్ని చూస్తా నా వెనకాలే రండి సామీ. గుంతలు నేను చెప్తా."

ఆ విధంగా మళ్లీ తిరిగినారు. ఎడమ పక్క గుంత, కుడి పక్క మేకలు, ముందర ఇసుక, దిగి తోయాల్ల. పక్కలు మూసుకుపోయి కన్ను గొట్టమైపోయినా, ఆ గొట్టం చివర ఎర్రటి మచ్చ ఒకటి ఊగుతా ఉండేది. కొన్ని నెలలకు ఆ మచ్చ కూడా చెదిరిపోయింది. అప్పుడిక కుప్పయ్య గొంతే దారి. అసలే మితభాషి, పాపం, దారి పొడుగునా ఎడతెగకుండా మాట్లాడవలసి వచ్చింది. తన పెండ్లి సంగతి, పట్టాల కింద పడుకునే పాముల సంగతి, భార్య నాగులమ్మ కోపాల సంగతి అన్నీ అయిపోయినాయి. ఏమీ తోచనప్పుడు గుంతకల్లు లైనులో స్టేషన్ల పేర్లు వరసగా చెప్పేవాడు, మామండూరు, బాలపల్లె, శెట్టిగుంట, కోడూరు. దేవనాథన్ ఆ పేర్ల వెంబడి పోయేవాడు.

ఒకనాడు చంద్రగిరి కోట దగ్గర ఆగినప్పుడు కుప్పయ్య మూట విప్పలేదు. దిగిపోయిన మేస్త్రీలను రైల్వేవాళ్లు మళ్లీ పిలుస్తున్నారనీ, అస్సాం దిక్కున యుద్ధానికి పట్టాలు వేయాలనీ చెప్పినాడు.

"పోనంటే ఏమవుతుంది?" అన్నాడు దేవనాథన్.

"నా కొడుకు గ్యాంగులోనే ఉండాడు గదా సామీ. నేను పోకుంటే వాణ్ణి పంపిస్తారు. వానికి చిన్నపిల్లోళ్లు."

దేవనాథన్‌ పోయిరమ్మన్నాడు. ఆ దినం వెనక్కి వచ్చేటప్పుడు కుప్పయ్య స్టేషన్ల పేర్లు చెప్పలేదు, గుంతలు మాత్రమే చెప్పినాడు.

కుప్పయ్య అస్సాం పోయినాక సైకిలు నడవలో గోడకు ఆనించి ఉండిపోయింది. దేవనాథన్ దినమూ దాన్ని తుడిచి, చెయినుకు నూనె వేసి, టైర్లు వేలితో నొక్కి చూసేవాడు. యుద్ధం ఎంతకాలం జరుగుతుంది, ఎప్పటికైనా వస్తాడు గదా అనేవాడు పద్మాక్షితో. అప్పటికి ఆయనకు ఎండా నీడా తేడా తప్ప ఏమీ తెలియడం లేదు.

రైల్వే మనిషొకడు వచ్చి కబురు చెప్పిపోయినాడు. ఆడ కొండల్లో చలిజ్వరం తగిలి కుప్పయ్య పోయినాడంట, ఆడనే కాల్చేసినారంట. దేవనాథన్ విని, సరే అన్నాడు. పద్మాక్షి కోవెలకు పోయిన సమయం చూసి సైకిలు బయటికి తీసినాడు. రేణిగుంటకు పోయి నాగులమ్మను పలకరించాల, అంతే ఆయన మనసులో ఉన్నది. దారి కాళ్లకు తెలుసుననుకున్నాడు.

ఊరు దాటేదాకా కాళ్లకు తెలిసింది. ఆ తర్వాత ఎదురుగా మిలిటరీ లారీల చప్పుడు, ఒకదాని వెనక ఒకటి. యా పక్కకు తప్పుకోవాలో తెలియలేదు. ఎడమ పక్క గుంత ఉందో లేదో చెప్పేవాడు లేడు. నోటికొచ్చినట్టు మామండూరు, బాలపల్లె అంటా తొక్కినాడు. మూడో పేరు రాకముందే చక్రం రోడ్డంచు జారి, మనిషీ సైకిలూ కలిసి కాలువలో పడినారు. వెనక వచ్చిన బండి తోలే మునిరామయ్య ఆయనను పైకి లాగి, సైకిలుతో సహా బండిలో వేసుకుని ఇంటికి చేర్చినాడు. నాగులమ్మను చూడడం కుదరనేలేదు. చూపు లేనాయనకు సైకిలెందుకమ్మా అని మునిరామయ్య కనికరంగానే అడిగినాడు. పద్మాక్షి సైకిలును మళ్లీ నడవలో గోడకు ఆనించింది.

దెబ్బలు మానినాయి గాని మనిషి లేవలేదు. పెడితే తినేవాడు, పిలిస్తే పలికేవాడు, అంతే. ఒక పొద్దున, వీధిలో ఆడవాళ్లు వాకిళ్లు చిమ్మి ముగ్గులేస్తున్న వేళ, పద్మాక్షి తానే సైకిలును మెట్లు దించి, ఆయన చెయ్యి పట్టుకుని బయటికి తెచ్చింది.

"ఎక్కండి. నేను పట్టుకుంటాను."

"అందరూ చూస్తారు పద్మాక్షీ."

"చూడనీండి."

ఆయన ఎక్కినాడు. ఆమె కొంగు దోపుకుని, ఒక చేత్తో హ్యాండిలూ ఇంకో చేత్తో ఆయన భుజమూ పట్టుకుని నడిచింది. ముగ్గులేసేవాళ్ల చేతులు ఆగిపోయినాయి, ఆమె తల తిప్పలేదు. నడక వేగానికి సైకిలు నిలవక అటూ ఇటూ ఒరుగుతోంది, ఒరిగినప్పుడల్లా ఆమె నడుము వంచి ఎత్తి నిలబెడుతోంది. దేవనాథన్ మొగం పైకెత్తి కాచుకున్నాడు. గాలి తగల్లేదు. పక్కన ఆమె ఎగశ్వాస వినబడుతోంది.

"బాగుందా?" అని అడిగింది ఆమె.

"బాగుంది," అన్నాడు.

వీధి మలుపు దాకా పోయి ఆయన కాలు కిందపెట్టి దిగినాడు. ఇంకొంచెం దూరం పోదాం, నాకేమీ కష్టంగా లేదు అంది పద్మాక్షి. చాలు, పద అన్నాడు. ఆమె సైకిలు తోసుకుంటా ముందు నడిస్తే, ఆయన వెనక సీటు పట్టుకుని నడిచినాడు. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుని, సైకిలు ఎవరికైనా ఇచ్చెయ్యమన్నాడు. ఆమె లోపలికి పోయి పొయ్యి ముట్టించింది.