మోకాలికి సరిపడే పాట

రేడియోకు ప్రకటనలు రాసే అతన్ని ఆఫీసులో అందరూ ‘బ్రహ్మాండం’ అని పిలుస్తారు. సబ్బు గురించి రాసినా, సిమెంటు గురించి రాసినా మొదలుపెట్టేది ఆ మాటతోనే మరి. అలాంటివాడు ఏఐతో పాట చేయించి ఇస్తానని అక్కకు మాటిచ్చేశాడు.

అక్క డాన్స్ టీచరు. మోకాలి ఆపరేషన్ తర్వాత ఈ శనివారమే మళ్లీ స్టేజీ ఎక్కబోతోంది. చేస్తే లాటిన్ అమెరికా వాళ్ల హుషారైన లాటిన్ పాప్ మీదే చెయ్యాలని పట్టు. తనకు నచ్చిన పాటలన్నీ ఆ కాలికి మించిన వేగం. ఈసారి కాలు మొరాయిస్తే ఇక స్టేజీ ఊసే ఎత్తనని తనే చెప్పింది. చెప్పిందంటే చేసే రకం.

ముందుగదిలో ఆమె కుర్చీ వీపు పట్టుకుని నిలబడింది. తమ్ముడు ల్యాప్‌టాప్ ముందేసుకుని టకటకా కొట్టాడు: “నిప్పులు చెరిగే, ఉర్రూతలూగించే, బ్రహ్మాండమైన లాటిన్ పాప్.” పాపం, యంత్రం ఒక్క మాట కూడా జవదాటలేదు. బాకాలు, డ్రమ్ములు, కేకలు అన్నీ ఒకదాని మీద ఒకటి వచ్చి పడ్డాయి.

“ఒరేయ్, ఇది పాటా, గోడలు కూలగొట్టడమా?” అంది అక్క చెవులు మూసుకుని.

“లాటిన్ పాప్ అంటే వేడి ఉండాలి కదక్కా!”

“వేడి అని రాసేస్తే వేడి రాదురా. ఇలా చూడు.”

ఆమె కదిలింది. పాదాలకు తొందర లేదు. బరువు ఒక కాలి మీంచి మరో కాలి మీదకు నింపాదిగా మారుతోంది. వేళ్లు మాత్రం కుర్చీ మీద గబగబా దరువేస్తున్నాయి. తమ్ముడు నోరు వెళ్లబెట్టాడు. పుట్టినప్పటి నుంచీ చూస్తున్న అక్కే, అయినా ఒళ్లు పులకరించింది. ఇంత అందంగా కదిలే మనిషిని నాలుగు వాక్యాల్లో పట్టుకోలేకపోతే ఇక తను రాయడమెందుకు?

రాసిందంతా చెరిపేసి, ఈసారి కళ్లతో చూసిందే రాశాడు: “నింపాదిగా నడిచే బీటు. దాని మీద గబగబా మీటే నైలాన్ తీగల గిటారు. బీటుకు రవ్వంత ముందే పలికే బేస్ గిటారు. పక్కన కూర్చుని కబురు చెబుతున్నట్టు పాడే ఆడగొంతు. బాకాలు వద్దు.” కాస్త ఆలోచించి, అక్క కంట పడకుండా ఇంకో వాక్యం చేర్చాడు: “పల్లవి రెండోసారి అయ్యాక వాయిద్యాలన్నీ ఆగాలి, కాసేపు గొంతు ఒక్కటే వినిపించాలి.” అక్కడ మోకాలికి కాస్త ఊపిరి ఆడుతుందని అతని ఆశ.

యంత్రం కొంత సతాయించింది గానీ, చివరికి దారికొచ్చింది. పాట విని అక్క కుర్చీ వదిలేసి ఆడటం మొదలుపెట్టింది.

శనివారం హాలు కిక్కిరిసింది. పక్క తెర దగ్గర తమ్ముడు ఆమె మోకాలి మీదే చూపు పెట్టి నిలబడ్డాడు. పల్లవి రెండోసారి అయింది. వాయిద్యాలు ఆగాయి, అక్కా ఆగింది. బరువంతా మంచి కాలి మీద వేసి, ఒక్క భుజం మెల్లగా తిప్పి జనం వైపు చూసింది. హాల్లో ఆ పాడే గొంతు ఒక్కటే వినిపిస్తోంది. బీటు తిరిగొచ్చేసరికి చప్పట్లలో అది ఎవరికీ వినపడలేదు.

పాట అయ్యాక ఆమె ఆయాసపడుతూ వచ్చి తమ్ముడి భుజం మీద చెయ్యి వేసింది.

“మధ్యలో అలా ఆపింది నా మోకాలి కోసమే కదూ?”

“నీకెలా తెలిసిందక్కా?”

“అక్కడికి రాగానే ఎవరో కుర్చీ తెచ్చి పక్కన పెట్టినట్టు అనిపించిందిరా.”

బ్రహ్మాండం పరుగున వెళ్లి నిజం కుర్చీ ఒకటి తెచ్చి ఆమె పక్కన వేశాడు.