పరుగెడుతోందన్న రిపోర్టు

సెలూన్ ఆయన రోజూ ఏడింటికి షట్టరెత్తి, మొదటి గడ్డంతో పాటే వీధి కబుర్లూ మొదలుపెట్టేవాడు. వెనక గదిలో ఆయన భార్య జాకెట్లు కుట్టేది. ఆమెకు థైరాయిడ్ మందగించినప్పట్నుంచి చుట్టూ కాలం కూడా మందగించింది. పక్కన పెట్టిన టీ పూట గడిచినా చల్లారేది కాదు. సెలవు రోజు ఎంతకీ గడవట్లేదని వాపోయే టీచరమ్మ ఆదివారాలు ఆ గదిలోనే గడిపేది. జాకెట్టు మాత్రం ఒక్కటీ కుట్టించుకోలేదు.

రోజూ వేసుకునే థైరాయిడ్ మాత్రతో గది అదుపులోనే ఉండేది. ఆమె జుట్టు రాలడమే ఆయనకు నామోషీ.

"నీ తల చూస్తే నా కొట్టుకెవడొస్తాడే?" అని, తాను అమ్మే జుట్టు మాత్రలు రోజుకు రెండు మింగించాడు.

ఆ నెల రక్తపరీక్షలో థైరాయిడ్ పరుగులు పెడుతోందని వచ్చింది. డాక్టరు రిపోర్టును చూశాడు. ఆమెను కూడా చూస్తే రిపోర్టు నొచ్చుకుంటుందనుకున్నాడేమో. పాత మాత్ర మాన్పించాడు.

"చలేస్తోందండీ. సూది ఎత్తాలన్నా చెయ్యి బరువుగా ఉంది," అందామె.

"పరుగెడుతోందని రాసుంటే చెయ్యి బరువంటావేంటే," అన్నాడు సెలూన్ ఆయన.

మళ్లీ పరీక్ష చేయించారు. మళ్లీ అదే. క్రమంగా, ఆయన పొద్దున్నే జుట్టు మాత్ర ఇవ్వడానికి లోపలికెళ్తే బయటికొచ్చేసరికి మధ్యాహ్నమయ్యేది.

ఒకరోజు ల్యాబతను గడ్డానికొచ్చాడు.

"వదినకెలా ఉందన్నా?"

"మంచం దిగట్లేదు. జుట్టు మాత్రం భేషుగ్గా వచ్చింది. నా మాత్రలా మజాకానా."

నురగ మధ్య అతని మొహం పాలిపోయింది.

"అవి రక్తంలో ఉంటే మా మిషను పొరబడుతుందన్నా. మందగించిందాన్ని పరుగెడుతోందంటుంది. ముందే అడగాల్సింది. త్వరగా ఆస్పత్రికి తీసుకెళ్లు."

సెలూన్ ఆయన సగం గడ్డం వదిలేసి, పాత మాత్రల షీటు పట్టుకుని గదిలోకి పరుగెత్తాడు.

గుమ్మం నుంచి మంచానికి ఐదడుగులు. మొదటి అడుగు పడేలోపు బయట వానాకాలం వెళ్లిపోయింది. డాక్టరు గుమ్మం దాకా వచ్చి, మొదటిసారి ఆమెను తేరిపార చూసి, లోపలికెళ్తే బయటికొచ్చేసరికి ప్రాక్టీసు పోతుందని వెనక్కి తిరిగాడు.

ఆమె ప్రాణం పోలేదు. ఆయన చేరుకోలేదు. రెండో అడుగు గాల్లో ఉంది.

"ఏమే" అని పిలుస్తున్నాడు. అందులో 'ఏ' వీధిలోకి వినబడి మూడేళ్లయింది. 'మే' ఇంకా రాలేదు.