బురద బంధువు

సేనాన్ దొస్సూ మా ముంగిట్లో అడుగుపెట్టిన రోజే ముక్కు మూసుకున్నాడు. బెనిన్ నుంచి మా సెగూ ఊరికి చిత్రకళ నేర్చుకోవడానికి వచ్చిన కుర్రాడు. రంగులు గొట్టాల్లో పుడతాయనుకునేవాడు. మా రంగు కుండలో కుళ్ళుతుంది. నదిలోంచి తెచ్చిన నల్లమట్టిని ఏడాది ఊరబెట్టి, దాంతో బట్టల మీద బొమ్మలు గీస్తాం. మూత తీస్తే చచ్చిన చేపలూ నానిన తోళ్ళూ మురిగిన గుడ్లూ కలిసి కచేరీ పెట్టినట్టుంటుంది. అతనికి కంపు, మాకు సొంపు.

దానికి తోడు నాన్యూమా కోనే నోరు. అద్దకం పనికి పెద్ద ఆవిడే. ఆవిడ వద్దంటే చిత్రకళ బడివాళ్ళూ కుర్రాణ్ణి ఇంటికి పంపేస్తారు. వచ్చిన పూటే అతనికి త్రావోరే అని మా వైపు ఇంటిపేరొకటి తగిలించింది. కోనేలకూ త్రావోరేలకూ తాతల నాటి వేళాకోళపు వరస. ఎంత తిట్టుకుంటే అంత చుట్టరికం. ఈ సంగతి అతనికి చెప్పాలని మాకెవరికీ తట్టలేదు.

"లేచావా, బొబ్బర్లు మేసేవాడా? రాత్రి నీ గది ఉరిమితే వానేమోనని బట్టలు తీయించాను," అనేది పొద్దున్నే.

అందరం నవ్వేవాళ్ళం. అతను మాత్రం సజ్జ సంకటి మీద తీగలు సాగే బెండకాయ పులుసునీ, ఆవిడనీ ఒకే చూపు చూసి పళ్ళెం పక్కకు నెట్టేవాడు.

ఒకసారి ఆవిడ ఎవరిదో పెళ్ళికి వెళ్ళింది. సేనాన్ తన కిటికీ కింది కుండ మూత తీశాడు. నల్లటి బుడగలు. వాంతి ఆపుకుంటూ దాన్ని మురిక్కాలువలో బోర్లించి, సబ్బుతో తోమి ఎండలో పెట్టాడు. నోట్లో మట్టి కొట్టడమంటే విన్నాను గానీ, మట్టి పారబోసి కూడా కొట్టొచ్చని అప్పుడే తెలిసింది.

నాన్యూమా తిరిగొచ్చి తళతళలాడే కుండ చూసింది. అరవలేదు.

"సేనాన్ గారూ, భోజనం చేశారా?" అంది.

అతని మొహం వెలిగింది. "చూశావా అన్నా, కుండతో పాటు నోరూ శుభ్రపడింది," అన్నాడు నాతో.

"పెట్టె సర్దుకో," అన్నాను. "తిట్టినన్నాళ్ళూ నువ్వు ఇంటివాడివి. 'గారూ' అందంటే గడప అవతలివాడివి. నువ్వు పారబోసింది ఏడాది ఊరిన రంగురా నాయనా."

వరస సంగతీ అప్పుడే చెప్పాను. అతను వెంటనే లేచి, వాకిట్లో అద్దకం ఆడవాళ్ళంతా ఉండగా ఆవిడ ముందు నిలబడ్డాడు.

"ఓ కోనే ముసలీ, బొబ్బర్లు మేసేది నువ్వు. నా కిటికీ కింద కుండలో దాచుకున్నది నీ గాలేననుకుని పారబోశాను. తప్పు నీ కడుపుదే."

నాన్యూమా అతన్ని కిందనుంచి పైదాకా చూసింది.

"ఒరేయ్ బానిసా," అంది, "గంప తీసుకుని నదికి నడు."

సాయంత్రానికి సేనాన్ నడుం దాకా నలుపై వచ్చాడు. నెత్తి మీది గంప కారి, బురద పెదవుల మూలకు చేరింది. కుండ పక్కనే కక్కుకున్నాడు. ఏడాదిపాటు దాన్ని కలపాల్సింది అతనే.

"ఈ కంపెప్పుడు తగ్గుతుంది, అన్నా?"

"తగ్గదు. ఇంకా ముదరాలి."

అరుగు మీద నాన్యూమా, దారిన పోయేవాళ్ళనల్లా ఆపి చెబుతోంది: "అదిగో, నా మట్టిని నా గాలి అనుకున్నవాడు. మావాడే."