వీపన్న మొహం

డైరెక్టరై ఎన్నేళ్లయినా ఆయన్ను అందరూ హీరోగారనే పిలిచేవారు. జుట్టు పలచబడి, మోకాళ్లు మొరాయించాక హీరో వేషాలు వాటంతటవే జారుకున్నాయి. ఆ తర్వాతే ఆయనకు దర్శకత్వం మీద ప్రేమ పుట్టుకొచ్చింది. తప్పేం లేదు, చాలామంది ప్రేమలు అలాగే పుడతాయి.

హీరోగా ఉన్న రోజుల్లో ఆయన మేడల మీంచి దూకారు, మంటల్లోంచి గుర్రం మీద వచ్చారు, అద్దాలు బద్దలుకొట్టుకుని బయటపడ్డారు. అంటే, వీపన్న దూకాడు, వీపన్న వచ్చాడు, వీపన్న బద్దలుకొట్టాడు. డూప్ అన్నమాట. ఒడ్డూ పొడుగూ అచ్చం హీరోగారివే. తెర మీద వీపు తప్ప ఇంకేమీ కనిపించేది కాదు కనుక ఆ పేరు పడిపోయింది. ఓసారి విలేకరులు "మేడ మీంచి దూకింది మీరేనా?" అని అడిగితే, హీరోగారు కాలరు సర్దుకుని "మరెవరు దూకుతారండీ?" అన్నారు. పక్కనే మోచేతికి కట్టుతో నిలబడ్డ వీపన్న అందరికంటే ముందు చప్పట్లు కొట్టాడు.

ఆ మాట హీరోగారికి లోపల ఎక్కడో గుచ్చుకుంటూనే ఉందేమో, తను తీసే సినిమాలో వీపన్నకు ఓ వేషం ఇచ్చారు. రైలు దిగిన కూతుర్ని చూసి "వచ్చావా తల్లీ" అనే తండ్రి. ఉన్నది ఒక్క మాటే, కానీ తెరనిండా మొహం. వీపన్న ఆ సంగతి ఇంట్లో చెప్పి, వీధిలో చెప్పి, సెలూన్‌లో చెప్పి, నున్నగా గడ్డం గీయించుకుని మరీ వచ్చాడు.

తీరా కెమెరా తిరగగానే అతని మెడ పక్కకు తిరిగిపోయింది. జీవితమంతా చేసిన పని అదే కదా, లెన్సుకు మొహం దొరక్కుండా చూసుకోవడం! దూకుతూ, దొర్లుతూ, మంటల్లో ఒళ్లు కాలుతున్నా అది మరిచిపోలేదు. ఇప్పుడు మరిచిపొమ్మంటే మెడ వినదే. మళ్లీ తీశారు. మళ్లీ తిరిగింది. లైట్‌బాయ్‌లు కిసుక్కుమన్నారు. అద్దెకు తెచ్చిన రైలు వెళ్లిపోయే వేళయింది. హీరోగారికి ఒళ్లు మండి, చివరికి వీపు వైపు నుంచే తీసి కట్ చెప్పారు.

సినిమా విడుదలైంది. వీపన్న ఇంటిల్లిపాదీ వెళ్లి హాల్లో అతని వీపే చూసి వచ్చారు. కొన్నాళ్లకు వీపన్న నిద్రలోనే పోయాడు. అన్ని మేడల మీంచి దూకినా ఏమీ కానివాడు, మంచం మీద పోయాడు.

అతని కూతురు హీరోగారిని వెతుక్కుంటూ ఎడిటింగ్ గదికి వచ్చింది.

"పెదనాన్నా, రేషన్ కార్డు మీద నాన్న ఫొటో ఒకటుంది. అందులో పట్టుబడ్డ దొంగలా ఉంటాడు. అమ్మ కదిలే నాన్నను చూడాలంటోంది. ఆ రోజు తీసినదాంట్లో మొహం కనిపించే ముక్క ఒక్కటైనా ఉందేమోనని..."

"ఎందుకుండదమ్మా, కూర్చో," అన్నారు హీరోగారు.

ఎడిటర్ పక్కన పడేసిన షాట్లన్నీ ఒక్కొక్కటే వేశాడు. చెవి కనిపించింది, చెంప అంచు కనిపించింది. మొహం మాత్రం లేదు. ఆ పిల్లను వట్టి చేతులతో ఎలా పంపడమా అని హీరోగారు కుర్చీని తెర దగ్గరికి జరుపుకున్నారు. చిట్టచివరి షాట్‌లో, కట్ చెప్పాక కెమెరా ఇంకా ఆగకముందు, వీపన్న గిరుక్కున ఇటు తిరిగాడు. నిండు మొహం. కళ్లనిండా ఆశ.

"బాగొచ్చిందా అన్నా?"

వెంటనే, కెమెరా వెనక నుంచి హీరోగారి గొంతు. "నీకు మొహం ఎందుకురా? దేవుడు నీకు వీపిచ్చింది అందుకే!"

అందరూ నవ్వారు. అందరికంటే ముందు వీపన్నే నవ్వాడు, నోరారా. కెమెరా ఆగిపోయేదాకా ఆ నవ్వు చెదరనివ్వలేదు.

హీరోగారికి ఆ పిల్ల మొహం చూసే ధైర్యం చాలలేదు.

"మీ మాట ఒక్కటీ తీసేద్దామంటే, ఆయన నవ్వు చప్పుడు కూడా దాని మీదే పడింది సార్," అని ఎడిటర్ నసిగాడు. "తీస్తే రెండూ పోతాయి."

"ఉంచెయ్. అన్నవాణ్ణి నేనే కదా. మీ అమ్మను కూడా విననీ తల్లీ," అన్నారు హీరోగారు.

"వద్దు పెదనాన్నా." ఆమె తెర మీద ఆగిపోయిన మొహాన్నే చూస్తోంది. "ఆ రోజు నాన్న ఇంటికొచ్చి ఏం చెప్పాడో తెలుసా? అన్న నన్ను కావలించుకుని, అదరగొట్టావురా అన్నాడని. అమ్మ ఇప్పటికీ అందరికీ అదే చెప్పుకుంటుంది. తీసేయండి."

తెర మీద గ్లిజరిన్‌తో ఎన్నోసార్లు అందంగా ఏడ్చిన మనిషి, ఇప్పుడు ముక్కు కారుతూ, వెక్కుతూ, చూడలేనట్టుగా ఏడ్చారు. దెబ్బ ఆయనకు తగలాల్సిన ప్రతిసారీ అడ్డంపడ్డవాడు, పోయాక కూడా అదే పని చేశాడు.

ఎడిటర్ ఆ చోట శబ్దం తీసేసి మరోసారి వేశాడు. వీపన్న ఇటు తిరిగి "బాగొచ్చిందా అన్నా?" అని అడిగాడు. జవాబు లేదు. అయినా నోరారా నవ్వాడు.